ఏఆర్టీ మందు ఎందుకు తప్పుతుంది? వరంగల్ వైపు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

హెచ్ఐవీకి వాడే ఏఆర్టీ మందు మొదలుపెట్టి నాకు పన్నెండేళ్లు దాటింది. సెంటర్ బయట బెంచీ మీద కూర్చుంటే పక్కవాళ్లు అడిగేవి ఇవే. జనగామ ఆయన ఈ వారం అడిగింది, భూపాలపల్లి ఆమె పై వారం అడుగుతుంది. అందుకే ఒకచోట రాసి పెట్టాను. నేను డాక్టర్ను కాను. మందు మార్చడం, ఆపడం లాంటివి మీ సెంటర్ డాక్టర్‌తోనే తేల్చుకోవాలి.

ఒక్క మాట ముందే చెప్తాను. మందు ఎందుకు తప్పిందంటే అందరూ చెప్పేది "మర్చిపోయిన" అనే. నేనూ అదే చెప్పేవాణ్ణి. నేను చూసినంతలో మతిమరుపుతో తప్పేది కొంచెమే, దాపరికంతో తప్పేదే ఎక్కువ.

## మొదలుపెట్టే ముందు

నేను మంచిగనే ఉన్న. జ్వరం లేదు, బరువు తగ్గలేదు. ఇప్పుడే మందెందుకు?

ఒకప్పుడు సీడీ4 కణాలు (జబ్బులతో పోరాడే రక్తకణాలు) ఫలానా అంకె కంటే తగ్గితేనే మందు ఇచ్చేవారు. 2017లో మన దేశంలో ఆ పద్ధతి పోయింది. హెచ్ఐవీ ఉందని తేలితే చాలు, సీడీ4 ఎంతున్నా మందు మొదలుపెడతారు. మందు లేని ఒంట్లో రోజుకు వెయ్యి కోట్ల దాకా కొత్త వైరస్‌లు పుడతాయి. బయటికి మనిషి నిమ్మళంగానే ఉంటాడు, లోపల నష్టం జరుగుతూనే ఉంటుంది. చిత్రమేమిటంటే, మాత్ర భారమనిపించేది ఒళ్లు బాగున్నవాళ్లకే. మంచాన పడి లేచినవాడికి దాని విలువ ఒకరు చెప్పక్కర్లేదు.

జిందగీ మొత్తం వేసుకోవాల్నా?

అవును. రక్తంలో తిరిగే వైరస్‌ను మందు అణచగలదు గానీ, కొన్ని కణాల్లో నిద్రపోతున్నట్టు దాక్కున్న దాన్ని తీసేయలేదు. మందు ఆపితే చాలామందిలో రెండు నుంచి నాలుగు వారాల్లో మళ్లీ లేస్తుంది. "జిందగీ మొత్తం" అని తలుచుకుంటే ఎవరికైనా గుండె జారుతుంది. నేను మాత్రం డబ్బా లెక్కన చూసుకుంటాను: ఈ ముప్పై మాత్రలు అయిపోవాలి, అంతే.

మందు ఫ్రీ అంటారు, మరి పైసలెందుకైతున్నయ్?

మాత్రలు, సీడీ4 పరీక్ష, రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే వైరల్ లోడ్ పరీక్ష అన్నీ ప్రభుత్వ సెంటర్లలో ఉచితమే. దేశంలో ఉచిత ఏఆర్టీ 2004 ఏప్రిల్ 1న మొదలైంది. ఖర్చంతా దారిలోనే. బస్సు కిరాయి, అక్కడ తిండి, అన్నింటికంటే ఆ రోజు పోయే కూలి. 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు కిరాయి లేకపోవడం కొంత మేలు చేసింది. కూలి మాత్రం ఎవరూ ఇవ్వరు. పత్తి ఏరే రోజుల్లో, ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి వచ్చే రోజుల్లో ఒక పూట వదులుకోవడం మాటలు కాదు. ఆ సీజన్లలో "వచ్చే వారం పోదాం" అనుకునేవాళ్లే ఎక్కువ, ఆ వచ్చే వారం లోపే డబ్బా ఖాళీ అవుతుంది. మీ తేదీ సీజన్లో పడుతోందని తెలిస్తే ముందే సెంటర్లో చెప్పండి. నిలకడగా వాడుతున్నవాళ్లకు రెండు మూడు నెలల మందు ఒకేసారి ఇచ్చే వీలుంది.

## మొదటి నెలల్లో

పొద్దుగాల వేసుకోవాల్నా, రాత్రి వేసుకోవాల్నా?

ఇప్పుడు ఎక్కువమందికి ఇచ్చేది టీఎల్‌డీ అనే ఒకే మాత్ర. అందులో టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డొలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు ఉంటాయి. రోజుకు ఒక్కటి, తిన్నాకైనా తినకముందైనా సరే, మీకు కుదిరిన టైం ఏదైనా సరే, కానీ రోజూ అదే టైం. "రాత్రే వేసుకోవాలి" అనే మాట పాత మందు నుంచి వచ్చింది. అందులో ఎఫావిరెంజ్ ఉండేది, వేసుకుంటే తల తిరిగేది, పిచ్చి కలలు వచ్చేవి, అందుకని పడుకునే ముందు వేసుకోమనేవారు. మందు మారింది, అలవాటు ఉండిపోయింది. రాత్రి ఇంటినిండా మనుషులుండి దాచుకోలేక తప్పించేవాళ్లు పొద్దునకు మార్చుకుంటే సగం తిప్పలు పోతాయి. టీఎల్‌డీతో నిద్ర పట్టనివాళ్లకూ పొద్దునే మేలు.

ఒక్కరోజు మర్చిపోయిన. రేపు రెండు వేసుకోవాల్నా?

వద్దు. గుర్తొచ్చిన వెంటనే ఆ ఒక్కటి వేసుకోండి. తర్వాతి మాత్ర టైం దగ్గర పడిపోతే పోయినదాన్ని వదిలేసి, మామూలు టైంకు ఒక్కటే వేసుకోండి. రెండూ కలిపి మింగితే తప్పినది తిరిగిరాదు.

నెలకు ఒకట్రెండు తప్పితే ఏమైతది?

సెంటర్లో 95 శాతం మాత్రలు పడాలి అంటుంటారు కదా, రోజుకో మాత్ర వేసుకునేవాళ్లకు దాని అర్థం నెలకు ఒకటి మించి తప్పకూడదని. రెండు తప్పితే 93కు దిగినట్టే. డొలుటెగ్రావిర్ గట్టి మందు, ఒక్క మాత్రకే చేయిదాటిపోదు, భయపడకండి. ప్రమాదం వరుసగా తప్పే రోజులతోనే. మందు రక్తంలో పలచబడ్డాక, పూర్తిగా అణగని వైరస్ ఆ మందును తట్టుకోవడం నేర్చుకుంటుంది. అప్పుడు అదే మాత్ర మళ్లీ వేసుకున్నా పనిచేయకపోవచ్చు.

మిగిలిన మాత్రలు ఎందుకు లెక్కపెడుతరు? దొంగల లెక్క చూసినట్టు అనిపిస్తది.

నాకూ అట్లాగే అనిపించేది. కౌన్సిలర్ మేడమ్ డబ్బా మూత తీసి, తెల్ల కాగితం మీద మాత్రలు పోసి, పెన్ను మొనతో ఐదేసి చొప్పున పక్కకు జరుపుతుంది. 30 ఇచ్చి, మీరు 28 రోజులకు వస్తే రెండు మిగలాలి. ఆరు మిగిలితే నాలుగు తప్పినట్టు, అంటే 86 శాతం. ఒకసారి మిగిలిన ఐదు మాత్రలు బస్టాండ్ మోరీలో పోసి పోయాను. కాగితం మీద లెక్క సరిపోయింది, ఆ ఏడు వైరల్ లోడ్ సరిపోలేదు. మిగిలినవి మిగిలినట్టే తీసుకుపొండి. ఎందుకు మిగిలాయో మాట్లాడుకునేందుకే ఆ లెక్క.

మందు షురూ చేసినంకనే జ్వరం, దగ్గు పట్టుకున్నయ్. మందు పడలేదా?

ఈ అనుమానంతోనే మొదటి నెలల్లో చాలామంది మానేస్తారు. సీడీ4 బాగా తగ్గాక మందు మొదలైతే, కొత్తగా బలం పుంజుకున్న రోగనిరోధక శక్తి ఒంట్లో అప్పటికే దాగి ఉన్న టీబీ లాంటి జబ్బు మీద ఒక్కసారిగా తిరగబడుతుంది. అదే జ్వరంగా, గడ్డలుగా బయటపడుతుంది. జబ్బు తెచ్చింది మాత్ర కాదు. సొంతంగా మాత్ర ఆపకుండా ఆ రోజే సెంటర్‌కు వెళ్లండి. ఒంటి మీద దద్దుర్లు, కళ్లు పచ్చబడటం, విడవని వాంతులు ఉంటే అసలు ఆలస్యం చేయొద్దు.

గ్యాస్ మందు, రక్తం మాత్రలు దీంతో పాటు వేసుకోవచ్చా?

డొలుటెగ్రావిర్‌కు వీటితో పడదు. జెలుసిల్, డైజీన్ లాంటి గ్యాస్ మందులు వాడాల్సివస్తే టీఎల్‌డీ వేసుకున్న రెండు గంటల తర్వాత, లేదంటే టీఎల్‌డీకి ఆరు గంటల ముందు వాడండి. ఐరన్, కాల్షియం మాత్రలు అన్నంతో పాటైతే కలిపి వేసుకోవచ్చు, పరగడుపున మాత్రం కలపొద్దు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు డాక్టర్‌కు తప్పక చెప్పాలి, మోతాదు తగ్గించాల్సి రావచ్చు. ఇంకొకటి: ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర నడుము నొప్పికి నెలల తరబడి సూదులు వేయించుకోకండి. నొప్పి మందులు, టెనోఫోవిర్ కలిస్తే కిడ్నీలకు బరువు.

## ఇంట్లో, ఊళ్లో

అత్తగారింట్లో ఎవ్వరికీ తెల్వదు. డబ్బా ఎక్కడ పెట్టాలె?

ఈ ప్రశ్న దగ్గర కొంచెం ఆగాలి. నాకు తెలిసిన ఒకామె డబ్బాను బియ్యం డ్రమ్ములో దాచేది. గలగలమనకుండా లోపల దూది కుక్కేది. వంటింట్లో ఎవరూ లేనప్పుడే మాత్ర దొరికేది, ఆడబిడ్డ పుట్టింటికి వస్తే వారం పాటు మాత్ర లేనట్టే. కౌన్సిలర్ అడిగితే "మర్చిపోయిన మేడమ్" అనేది. నిజం చెప్పాలంటే ఆమె మర్చిపోయిన రోజు ఒక్కటీ లేదు, ఆ వారమంతా ఆమెకు గుర్తున్నది ఆ మాత్రే.

ఇల్లు వదిలి రెండు మూడు రోజులు పోయేటప్పుడు అన్ని మాత్రలే చిన్న డబ్బీలో వేసుకుని, మిగతావి అసలు డబ్బాలోనే, తేమ పీల్చే పొట్లంతో సహా ఉంచండి. పనిచేసే చోట, పర్సులో, నమ్మకమైన చెల్లెలి ఇంట్లో రెండేసి మాత్రలు ఉంటే అత్యవసరానికి పనికొస్తాయి. రక్తానికి మాత్రలనో, థైరాయిడ్ అనో చెప్పి అందరి ముందే వేసుకునేవాళ్లున్నారు. అబద్ధమే గానీ, మాత్ర తప్పడం కంటే ఆ అబద్ధం నయమని నా లెక్క. అసలు మార్గం ఇంకొకటుంది: ఇంట్లో ఒక్కరికి, ఒక్కరంటే ఒక్కరికి చెప్పుకోవడం. ఎవరికి చెప్పాలి, ఎట్లా చెప్పాలి అన్నది కౌన్సిలర్‌తో కూర్చుని తేల్చుకోండి. బియ్యం డ్రమ్ము ఆమె చివరికి చిన్న మరిదికి చెప్పింది. ఇప్పుడు రాత్రి తొమ్మిదింటికి "వదినా, నీళ్లు తాగినవా?" అని అడుగుతాడు. అంతకు మించి ఆ ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు.

మా ఇద్దరికీ ఇదే మందు. నావి అయిపోతే ఆయనవి వేసుకోవచ్చా?

రెండు డబ్బాల మీద మందు పేరు, మోతాదు ఒకటేనా చూడాలి. ఒకరు పాత మందు మీద, ఇంకొకరు రెండో వరుస మందు (మొదటిది పనిచేయనప్పుడు ఇచ్చేది) మీద ఉంటే అస్సలు కలపొద్దు. ఒకటే అయినా సెంటర్‌కు ఫోన్ చేసి చెప్పాకే ఒకట్రెండు రోజులు సర్దుకోండి. ఒక డబ్బాను ఇద్దరు పంచుకుంటే పదిహేను రోజులకు ఇద్దరివీ ఖాళీ.

కల్లు తాగిన రోజు మాత్ర వేసుకోవద్దంటరు కదా?

ఎవరన్నారో గానీ ఆ మాట చాలామందిని ముంచింది. తాగినా మాత్ర వేసుకోవాల్సిందే. తాగిన రోజు మానెయ్యాలి అనుకునేవాడికి వారంలో మూడు రోజులు పోతాయి. కాలేయానికి తాగుడు మంచిది కాదన్నది నిజమే, ఆ మాట వేరు. మన దగ్గర దొరికే కల్లులో అల్ప్రాజోలం లాంటి మత్తు మందులు కలిపిన కేసులు ఎన్నో. అది తాగి పడుకున్నవాడికి తొమ్మిదింటి మాత్ర గుర్తుండదు. తాగే అలవాటున్నవాళ్లు మాత్రను పొద్దున చాయ్ టైంకు మార్చుకోవాలి.

పసరు మందుతో నెగటివ్ అయితదంట, నిజమా?

కాదు. పసరు తాగి సీడీ4 రెండంకెలకు దిగాక తిరిగొచ్చినవాళ్లను చూశాను.

ఏం చేయబుద్ధి కాదు, మాత్ర చూస్తే ఏడుపొస్తది. ఏం చెయ్యాలె?

ఇది బద్ధకం కాదు. దిగులు కూడా జబ్బే, మందు తప్పించే పెద్ద కారణాల్లో ఒకటి. రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి, ఆశ తగ్గిపోతే సెంటర్లో ఆ మాట పైకే అనండి, మానసిక వైద్యుడి దగ్గరికి పంపుతారు. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 1097 ఉంది, ఫోన్ ఖర్చు ఉండదు, పేరు చెప్పక్కర్లేదు. చచ్చిపోవాలనిపిస్తుంటే మాత్రం ఫోన్‌తో ఆగకండి, ఇంట్లో ఒకరిని తోడు తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మా బిడ్డకు పదకొండేండ్లు. "నాకే ఎందుకు రోజూ గోలి" అని అడుగుతోంది. ఏం చెప్పాలె?

అడుగుతోందంటే చెప్పే టైం వచ్చినట్టే. చిన్నప్పుడు "నీ ఒంట్లో సిపాయిలకు బలం" అంటే సరిపోతుంది, పది పన్నెండేళ్ల వయసుకు జబ్బు పేరు మెల్లగా చెప్పాలి. కౌన్సిలర్ ముందు చెప్పుకుంటే మీకూ ధైర్యం. చెప్పకుండా లాగితే పదిహేనో ఏట గూగుల్‌లో డబ్బా మీద పేరు కొట్టి చూసుకుంటారు. అట్లా తెలిసిన పిల్లలు మాత్ర మీద కాదు, మీ మీద అలుగుతారు. ఆ అలకతోనే మాత్ర మానేస్తారు. హాస్టల్లో ఉండే పిల్లలకైతే వార్డెన్లలో ఒకరికి చెప్పాలా వద్దా అన్నది పిల్లను అడిగే నిర్ణయించండి.

## పని, ప్రయాణం, పండుగలు

సింగరేణి డ్యూటీ. వారానికో షిఫ్ట్ మారుతది. ఏ టైం పెట్టుకోవాలె?

ఫస్ట్, సెకండ్, నైట్ ఈ మూడింట్లోనూ మీరు గని బయట, మెలకువగా ఉండే గంట ఒకటి వెతకండి. నాకు తెలిసిన ఇద్దరు కార్మికులు సాయంత్రం ఆరు పెట్టుకుంటే సెకండ్ షిఫ్ట్ వారంలో చిక్కుపడ్డారు. ఉదయం పదకొండు పెట్టుకుంటే ఫస్ట్ షిఫ్ట్ అడ్డు. చివరికి రాత్రి పదకొండున్నరకు కుదిరింది: సెకండ్ షిఫ్ట్ దిగి ఇల్లు చేరే టైం, నైట్ షిఫ్ట్ వారంలో మాత్రం బయల్దేరే ముందే, గంటన్నర ముందుగా. గంటా రెండు గంటలు అటూ ఇటూ అయితే ఏమీ కాదు, రోజు తప్పకపోవడం ముఖ్యం.

వరంగల్ దాకా రాలేను, దగ్గర్లో దొరుకుతదా?

వరంగల్ ఎంజీఎంలోనే కాదు, ఇతర జిల్లాల్లోనూ ఏఆర్టీ సెంటర్లు, వాటికి అనుబంధంగా లింక్ సెంటర్లు ఉన్నాయి. నిలకడగా ఉన్నవాళ్లకు మందు అక్కడ ఇస్తారు. విచిత్రం ఏమిటంటే దగ్గరి సెంటర్ వద్దని వంద కిలోమీటర్లు పోయేవాళ్లు ఎంతోమంది, దగ్గర్లో అయితే తెలిసినవాళ్లు కనిపిస్తారని. అది మీ హక్కే, తప్పేం లేదు. కానీ వానలు, బంద్‌లు, జ్వరాలు వచ్చినప్పుడు ఆ వంద కిలోమీటర్లే మందు తప్పిస్తాయి. సెంటర్ ఇచ్చిన పుస్తకంలో ట్రాన్స్‌ఫర్ రాయించుకుంటే ఏ సెంటర్‌కైనా మారొచ్చు.

గల్ఫ్ పోవాలనుకుంటున్న. మందు తీసుకపోవచ్చా?

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి ఇది రోజూ వచ్చే ప్రశ్న. చేదుగా ఉన్నా చెప్పాలి: గల్ఫ్ దేశాలు పని వీసాకు హెచ్ఐవీ పరీక్ష చేస్తాయి, పాజిటివ్ వస్తే రానివ్వవు, అక్కడ ఉండగా తేలితే వెనక్కి పంపుతాయి. ఏజెంట్ "నేను చూసుకుంటా" అంటే నమ్మి లక్షల అప్పు చేయకండి. అక్కడ దొరికిపోతామని మందు వదిలేసి, ఏడాదికి బక్కచిక్కి దిగినవాళ్ల కథలు ఈ బెంచీ మీదే విన్నాను. మెడికల్‌లో పాజిటివ్ అని తేలి వీసా పోయినవాళ్లు ఆ దుఃఖంలో నెలల తరబడి సెంటర్ మొహం చూడరు. వీసా పోయింది సరే, మందు ఎందుకు పోగొట్టుకోవాలి?

మేడారం పోతున్నం, నాలుగు రోజులు. మాల వేసుకుంటే, ఒక్కపొద్దులుంటే, రోజా ఉంటే ఎట్లా?

మేడారంలో నెట్‌వర్క్ ఆశ పెట్టుకోవద్దు, అలారం మాత్రం నెట్‌వర్క్ లేకున్నా మోగుతుంది. నాలుగు రోజులకు ఆరు మాత్రలు, ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి, జంపన్నవాగులో దిగే ముందు ఒడ్డునున్నవాళ్ల చేతికి. ఒక్కపొద్దుకు అడ్డు లేదు, టీఎల్‌డీ ఖాళీ కడుపున కూడా వేసుకోవచ్చు. అయ్యప్ప మాలలో మందు వేసుకుంటే దీక్ష చెడదు, గురుస్వాములు చాలామంది ఆ మాటే చెప్తారు. రంజాన్‌లో రోజుకు ఒక్క మాత్రే కాబట్టి సహరీకో ఇఫ్తార్‌కో మార్చుకుంటే చాలు.

## ఏళ్లు గడిచాక

రిపోర్టులో వైరస్ కనిపించలేదని వచ్చింది. ఇగ ఆపొచ్చా?

ఆపొద్దు. ఆ రిపోర్టు మందు గెలుస్తోందని చెప్తుంది, వైరస్ పోయిందని కాదు. ఈ ఒక్క పొరపాటుతో మళ్లీ మొదటికొచ్చినవాళ్లు లెక్కలేనంత మంది. ఆ రిపోర్టుతో ఒక మంచి మాట కూడా ఉంది: వైరస్ కనిపించనంత తగ్గి, అట్లాగే నిలబడితే శృంగారం ద్వారా భాగస్వామికి సోకదు. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఒప్పుకున్న సంగతి. భార్యాభర్తలిద్దరూ తెలుసుకోవాల్సినది.

వైరల్ లోడ్ వెయ్యి దాటిందన్నరు. మందు మారుస్తరా?

వెంటనే కాదు. ముందు మందు సరిగా పడుతోందా లేదా చూస్తారు, మూడు నెలల పాటు గట్టిగా కౌన్సిలింగ్ ఇచ్చి మళ్లీ పరీక్ష చేస్తారు. చాలామందికి ఆ మూడు నెలల్లోనే దిగుతుంది. దిగకపోతే రెండో వరుస మందు. ఈ టైంలో "రోజూ వేసుకుంటున్న" అని అబద్ధం చెప్తే నష్టం మీకే, పనిచేసే మందును పనికిరాదని పక్కన పెట్టేస్తారు.

ఏడాది నుంచి మానేసిన. ఇప్పుడు పోతే తిడతరేమో?

ఎవరో ఒకరు విసుక్కోవచ్చు, అబద్ధం చెప్పను. అయినా పోండి. టీబీ ఉందా, సీడీ4 ఎంత అన్నవి చూసి మళ్లీ మొదలుపెడతారు. ఇంట్లో మిగిలిన పాత డబ్బా మాత్రలు సొంతంగా మొదలుపెట్టొద్దు. ఒక సంగతి: హెపటైటిస్ బి కూడా ఉన్నవాళ్లకు ఈ మందు ఆపితే కాలేయం జబ్బు ఒక్కసారిగా తిరగబడగలదు, వాళ్లు మరీ ఆలస్యం చేయకూడదు.

టీబీ మందులు కూడా తోడయినయ్. సాయంత్రం ఇంకో గోలి ఎందుకు?

టీబీ మందుల్లో ఉండే రిఫాంపిసిన్, డొలుటెగ్రావిర్‌ను ఒంట్లోంచి తొందరగా బయటికి తోసేస్తుంది. అందుకే పన్నెండు గంటల తర్వాత ఇంకో డొలుటెగ్రావిర్ 50. గుప్పెడు మాత్రలు చూసి జనం ముందుగా వదిలేసేది ఆ సాయంత్రం గోలీనే.

నీళ్లు పోసుకున్న. బిడ్డకు వస్తదా?

మందు లేకపోతే నూటికి 15 నుంచి 45 మంది పిల్లలకు సోకే అవకాశం ఉంది, తల్లి మాత్ర తప్పకపోతే, బిడ్డకు పుట్టగానే సిరప్ పడితే అది 5 కంటే తక్కువకు దిగుతుంది. కాన్పు కాగానే పుట్టింట్లో, చుట్టాల మధ్య మాత్ర తప్పే నెలలు ఎక్కువ. పాలిచ్చినన్నాళ్లూ తల్లి మాత్రే బిడ్డకు కాపు.

ఆసుపత్రిలో, డ్యూటీలో బయటపెడితే?

2017లో చేసిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. మీ ఒప్పుకోలు లేకుండా మీ స్థితిని ఎవరికీ చెప్పకూడదు, ఆ కారణంతో ఉద్యోగం తీసేయకూడదు, వైద్యం నిరాకరించకూడదు. ఫిర్యాదుకు రాష్ట్రంలో అంబుడ్స్‌మన్ ఉండాలని చట్టమే చెప్తోంది. ఒకసారి పంటి డాక్టర్ దగ్గర నా చీటీ మీద ఎర్ర పెన్నుతో పెద్దగా రాసి బల్ల మీద అందరికీ కనబడేటట్టు పెట్టారు. అప్పుడు నాకు ఈ చట్టం తెలియదు, నోరు మూసుకుని వచ్చేశాను, ఆ తర్వాత పదిహేను రోజులు మాత్ర ముట్టలేదు.

ఖాళీ డబ్బాలు ఏం చెయ్యాలె? చెత్తలో వేస్తే ఎవలన్న చూస్తరు.

బస్టాండ్‌లో గోటితో లేబుల్ గీకుతూ నిలబడేవాళ్లను చూస్తూనే ఉంటాను, నేనూ అట్లా నిలబడ్డవాణ్ణే. గోటితో రాదు. ఒక గంట వేడి నీళ్లలో నానబెడితే కాగితం మొత్తం ఊడొస్తుంది, మిగిలిన జిగురు కొబ్బరినూనె రాస్తే పోతుంది. మూత గట్టిది, తేమ చొరబడదు. మా ఇంట్లో ఒకదాంట్లో ఆవాలు, ఒకదాంట్లో మెంతులు పోసింది మా ఆవిడ.